పాత ఫోర్‌వీల్ బండి కొనేముందు ఏం చూస్తున్నాం



వచ్చే సెప్టెంబరులో ఐదుగురం బూదికోట నుంచి స్పితి దాకా రోడ్డు మీదే పోతున్నామని మొన్న మీటింగులో చెప్పినప్పటి నుంచి ఒకటే ప్రశ్నలు. ఉన్న కార్లో పోతే సరిపోదా, పాత ఫోర్‌వీల్ బండి ఎందుకప్పా అని కొందరు. కొనేదేదో కొత్తది కొనండి అని ఇంకొందరు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే ఇక్కడ రాస్తే అందరికీ తెలుస్తుంది. కొంచెం పొడుగే, ఓపిక పట్టండి. తిరిగొచ్చాక ఆ బండిని సగం డబ్బిచ్చి సంఘం తీసుకోవాలన్న ప్రతిపాదన ఉంది కాబట్టి ఇది మా ఐదుగురి విషయమే కాదు, మీ డబ్బు విషయం కూడా.

ముందు ఒక నిజం. స్పితికి పోవడానికి ఫోర్‌వీల్ తప్పనిసరి ఏమీ కాదు. కాజాకు హిమాచల్ ప్రభుత్వ బస్సు రోజూ పోయే కాలం ఉంటుంది, ఆ బస్సుకు వెనక చక్రాలే తిరుగుతాయి. మన ఊరి నుంచి అక్కడికి 3,000 కిలోమీటర్లకు అటూఇటూ. అందులో చాలా భాగం నలభైనాలుగో నంబరు జాతీయ రహదారి. అసలు కష్టమైన ముక్క మనాలీ వైపు గ్రంఫూ నుంచి కుంజుం కనుమ మీదుగా లోసర్ దాకా, 80 కిలోమీటర్లు. రాళ్లు, మధ్యలో రోడ్డు మీదికి పారే వాగులు. మధ్యాహ్నం ఎండకు మంచు కరిగి వాగులు పెరుగుతాయి, అందుకే అక్కడ పొద్దున్నే దాటేస్తారు. ఆ 80 కిలోమీటర్ల కోసం ఫోర్‌వీల్ ఉంటే ధైర్యం. తిరిగొచ్చాక వానాకాలంలో మన పల్లెల నుంచి రాత్రిపూట ఒక గర్భిణినో ముసలాయననో బంగారపేట ఆసుపత్రికి చేర్చాలంటే అప్పుడు ఇంకా ఎక్కువ ధైర్యం. ఈ రెండోదే మాకు పెద్ద కారణం.

కొత్తది ఎందుకు కాదంటే, డబ్బు లేదు. తలా లక్షా ఇరవై వేలు వేసుకున్నాం, మొత్తం 6 లక్షలు. బండికి నాలుగున్నర లక్షలు మించకూడదని, మిగతాది టైర్లకు, క్లచ్చికి, బేరింగులకు, రబ్బరు బుష్షులకు పక్కన పెట్టాలని మొదటిరోజే రాసుకున్నాం. పాత బండికి ఉన్నదంతా పోసి కొన్నవాళ్లు ఆ తర్వాత టైర్లకు అప్పు చేయడం మన ఊళ్లోనే చూశాం.

ఏ బండి అన్నదానికి చాలా వాదన జరిగింది. కుర్రవాళ్లకు జిప్సీ అంటే ప్రాణం. నిజమే, టన్ను లోపు బరువు, ఎక్కడైనా ఎక్కుతుంది, మిలిటరీ వాళ్లు దశాబ్దాలు నడిపారు. కానీ వెనక ఎదురెదురు బల్లలు. ఐదుగురం, అందులో ఇద్దరికి అరవై దాటింది, అలా పక్కకు తిరిగి కూర్చుని 3,000 కిలోమీటర్లు పోతే కొండ చూడకముందే నడుము పోతుంది. పైగా పెట్రోలు ఇంజను, టర్బో లేదు. కుంజుం 4,551 మీటర్లు. అక్కడ గాలి సాంద్రత ఇక్కడి దాంట్లో దాదాపు మూడింట రెండు వంతులే, ఆ మేరకు ఇంజను బలం పడిపోతుంది. టర్బో డీజిల్ అయితే ఆ లోటును చాలావరకు పూడుస్తుంది. 2010 నుంచి 2020 దాకా వచ్చిన పాత థార్ గట్టి బండే, దానికీ అదే బల్లల బాధ.

కాబట్టి ముందుకు చూసి కూర్చునే సీట్లున్న డీజిల్ బండి కావాలి. మిగిలినవి పాత స్కార్పియో ఫోర్‌వీల్, సఫారీ స్టార్మ్ ఫోర్‌వీల్, బొలేరో ఫోర్‌వీల్. జిప్సీల స్థానంలోకని 2017లో సైన్యం 3,192 స్టార్మ్‌లకు ఆర్డరిచ్చింది, అదేమీ తీసిపారేసే బండి కాదు. అయినా మేము స్కార్పియో వైపే మొగ్గాం. కారణం ఒక్కటే, బంగారపేటలోనూ కేజీఎఫ్‌లోనూ ఏ షెడ్డుకు పోయినా దాన్ని విప్పిన చేతులున్నాయి. దారిలో కర్నూలులో ఆగినా, నాగపూర్‌లో ఆగినా సామాను దొరుకుతుంది.

1955లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విద్యార్థులు ఆరుగురు రెండు ల్యాండ్ రోవర్లలో లండన్ నుంచి సింగపూర్ దాకా నడిపారు, మన దేశం మీదుగానే. ఆ రెంటిలో ఒకటి ఎక్కడో దీవిలో తుప్పుపట్టి పడి ఉంటే బాగుచేసి, 2019లో సింగపూర్ నుంచి లండన్‌కు మళ్లీ నడిపారు. అరవై ఏళ్లు దాటిన బండి! రెంచీతో విప్పి రెంచీతో బిగించగలిగే బండి కాబట్టే అది సాధ్యమైంది. మాకు కావలసిన గుణం అదే.

ఇక బండ్లు చూసిన కథ. మాతో బీఈఎంఎల్‌లో బుల్‌డోజర్ల మధ్య బతుకంతా గడిపి రిటైరైన మన సభ్యుడు ఒకాయన వచ్చారు. అన్న పేరు రాస్తే కోప్పడతారు. ఆయన మొదటిమాటే, "ఇంజను ఆఖర్న చూద్దాం. ఇంజను కొనొచ్చు, చాసిస్ కొనలేం."

మొదటిది బెంగళూరులో ఒక యార్డులో. అద్దంలా మెరుస్తోంది, వెనక తలుపు మీద ఫోర్ బై ఫోర్ అని పెద్ద స్టిక్కరు. అన్న గోనెసంచి పరుచుకుని కిందికి దూరారు, నిమిషంలో బయటికొచ్చారు. ముందు చక్రాలకు పోయే షాఫ్టే లేదు! స్టిక్కరు మాత్రమే ఫోర్‌వీలు. ఇది తెలుసుకోవడానికి మెకానిక్కు కానక్కర్లేదు. కింద చూస్తే ముందు డిఫరెన్షియల్ గుండు, దానికొచ్చే షాఫ్టు కనబడాలి, లోపల రెండో లివరో తిప్పే నాబో ఉండాలి, ఆర్సీలో మోడల్ పేరు కూడా అదే చెప్పాలి. థార్ విషయంలో ఇంకా జాగ్రత్త. 2023 నుంచి వెనక చక్రాలు మాత్రమే తిరిగే థార్ కూడా వచ్చింది, బయటికి రెండూ ఒకేలా ఉంటాయి.

రెండోది ఢిల్లీ నంబరు. ధర వింటే నోరూరింది. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్లను తిరగనివ్వొద్దని 2015లో హరిత ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టూ ఆ మాటే నిలబెట్టింది. అప్పటి నుంచి ఢిల్లీ బండ్లు చవగ్గా దక్షిణాదికి దిగుతున్నాయి. చవక తప్పు కాదు. కానీ అక్కడి ఆర్టీవో ఎన్‌ఓసీ లేకుండా ఇక్కడ మన పేరుకు మారదు, మళ్లీ కర్ణాటక లైఫ్ ట్యాక్సు కట్టాలి. ఎన్‌ఓసీ ఏదని అడిగితే బ్రోకరు "వస్తుంది సార్, వస్తుంది" అన్నాడు. వచ్చాక పిలవమని లేచొచ్చాం. మూడు రాష్ట్రాల మూలలో ఉన్నాం కదా, చిత్తూరు, క్రిష్ణగిరి నంబర్లు మనకు రోజూ కనబడతాయి. వాటికీ ఇదే లెక్క. ధరలో ట్యాక్సు కలిపి చూసుకోండి, అప్పుడు చవక ఎంత చవకో తెలుస్తుంది.

మూడోది చెన్నై సముద్రం పక్క తిరిగిన బండి. ఇంజను శబ్దం పాటలా ఉంది. అన్న వెనక కమాను కట్ట తగిలించే చోట చాసిస్ మీద స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కితే మొన లోపలికి దిగింది. ఉప్పుగాలి లోపల్నుంచి తినేసింది, పైన కొత్త నల్లరంగు. మన కోలారు గాలిలో ఆ గుణం లేదు. వానల్లేవని మనం ఎంత ఏడ్చినా, బండి చాసిస్‌కు మాత్రం ఇది పుణ్యభూమి. అందుకే వీలైతే కేఏ-07, కేఏ-08 బండే కొనాలని ఆరోజే తీర్మానించుకున్నాం. అదే చోట వరద నీళ్లలో మునిగిన బండిని ఎలా పట్టాలో కూడా అన్న చూపించారు. సీటు బెల్టు చివరిదాకా లాగితే ఎప్పుడూ బయటికి రాని ఆ కొసలో బురద మరక దొరుకుతుంది. సీట్లు కడుగుతారు, కార్పెట్టు మారుస్తారు, బెల్టు కొసను ఎవరూ కడగరు.

నాలుగోది ముళబాగిలు వైపు ఒక టమాటా రైతుది. 2014 మోడల్ స్కార్పియో ఫోర్‌వీలు, ఒకటే చేయి. కడగలేదు. వెనక టమాటా క్రేట్ల గీతలు, సీటు కింద రాగిపొట్టు. అమ్మేటప్పుడు కూడా కడగని మనిషంటే మాకు ముచ్చటేసింది. మీటరు లక్షా అరవై వేలు చూపిస్తోంది. మీటరు మాటను ఎవరూ నమ్మొద్దు, తిప్పడం పది నిమిషాల పని. కానీ ఈయన దగ్గర సర్వీసు బిల్లులు ప్లాస్టిక్ కవర్లో వరసగా ఉన్నాయి, బిల్లుల్లోని కిలోమీటర్లు మీటరుతో కలిసొచ్చాయి. పెడళ్ల రబ్బరు కూడా అంతే అరిగింది.

పొద్దున చల్లటి ఇంజనునే స్టార్టు చేయించాం. ముందే వేడిచేసి పెడితే సగం రోగాలు దాక్కుంటాయి. ఆయిలు మూత తీసి చూస్తే సన్నగా ఆవిరి, బుసలు కొట్టే పొగ లేదు. తర్వాత ఫోర్‌వీల్ పరీక్ష. ఇది తారురోడ్డు మీద చేయకూడదు. ఇలాంటి బండ్లలో ఫోర్‌వీల్ వేస్తే ముందూ వెనకా షాఫ్టులు కలిసిపోతాయి, తారు మీద మలుపు తిప్పితే చక్రాలు జారే వీల్లేక గేర్లు బిగుసుకుంటాయి. రైతును ఒప్పించి, బండిని మార్కండేయ డ్యాం వెనక మట్టిదారికి తీసుకొచ్చాం. హైలో పడింది. లోలో రెండుసార్లు మొరాయించి మూడోసారి పడింది. ఏళ్లుగా వేయకపోతే అలాగే ఉంటుందట. పడ్డాక ఏటవాలు గట్టు మీద యాక్సిలరేటరు తొక్కకుండానే ఎక్కింది, రివర్సులోనూ ఎక్కింది. గేరు జారిపోలేదు. ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిలు కొంచెం దింపి చూస్తే నల్లగా ఉంది గానీ ఇనుప రజను లేదు.

లోపాలూ రాయాలి. క్లచ్చి అయిపోవచ్చింది. ముందు సస్పెన్షను బుష్షులన్నీ పోయాయి. టైర్ల మీద గట్టిదనం కనబడుతోంది గానీ పక్కన అంకెలు 2317, అంటే 2017లో ఇరవైమూడో వారం తయారీ. అంత పాత రబ్బరుతో కొండకు పోలేం, ఐదూ మార్చాలి. పక్కన పెట్టిన డబ్బు వీటికి సరిపోతుందని అన్న లెక్క.

ఇదంతా అయ్యాక కూడా డబ్బివ్వలేదు. ఆర్సీలో ఇంకా బ్యాంకు పేరుంది. అప్పు తీరి మూడేళ్లయిందని రైతు అంటున్నాడు, అబద్ధమని మేమనుకోవడం లేదు. కానీ బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 ఆర్టీవోలో ఇచ్చి ఆ పేరు కొట్టేయించేదాకా బండి పూర్తిగా ఆయనది కాదు. చాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్సీతో సరిచూశాం, సరిపోయాయి. ఇది చిన్న విషయం అనుకోవద్దు. పాత జీపుల్లో ఇంకో కంపెనీ ఇంజను బిగించి అమ్మేవి బజారులో బోలెడు. తయారీలో ఉన్న రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పేసింది. రేపు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు మొదట చూసేది ఆ నంబర్లే.

2014 బండి కాబట్టి రిజిస్ట్రేషను 2029 దాకా ఉంది. ఆ తర్వాత ఎఫ్‌సీ చేయించి పొడిగించుకోవాలి. పదేళ్లు దాటిన డీజిల్ కాబట్టి ఢిల్లీ చుట్టుపక్కల దారి, పోయే నెలలో అక్కడి నియమం ఏముందో చూసుకుని పెట్టుకుంటాం.

మిగిలింది మీరు తేల్చాల్సింది. బండి ఎవరి పేరున? ఐదుగురిలో ఒకరి పేరున పెట్టి తర్వాత సంఘానికి మార్చితే రెండు బదిలీల ఖర్చు. మొదటే సంఘం పేరున పెడితే స్పితిలో దెబ్బతగిలిన బండికి సంఘం బాధ్యత. మా అభిప్రాయం, ముందు మా పేరునే ఉండనివ్వండి. కొండదారి దెబ్బలన్నీ మేమే బాగుచేయించి ఇస్తాం, అప్పుడు అన్న మళ్లీ కిందికి దూరి చూసి సరే అంటేనే సంఘం డబ్బివ్వాలి. ఇంకోమాట, తెల్లబోర్డు బండి కాబట్టి ఆసుపత్రికి తీసుకెళ్లినా ఎవరి దగ్గరా కిరాయి తీసుకోకూడదు, డీజిలు ఖర్చు సంఘం నిధి నుంచే పోవాలి. దీనికి ఒప్పుకోనివాళ్లు ఇప్పుడే చెప్పండి.

బ్యాంకు కాగితం ఈ వారంలో తెస్తానని రైతు మాటిచ్చాడు. వచ్చాక ఆదివారం పొద్దున ఏడింటికి బండి బూదికోట బస్టాండు దగ్గరికి వస్తుంది. చూడాలనుకున్నవాళ్లు రండి, పాత గోనెసంచి ఒకటి తెచ్చుకోండి.