బంగారు వేటకు పాత యంత్రమా, కొత్త యంత్రమా?

నేలలో దాగిన లోహాన్ని చేతి పరికరంతో కనిపెట్టాలనే కోరిక ఈనాటిది కాదు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ శరీరంలో చిక్కుకున్న తుపాకిగుండును వెదకడానికి టెలిఫోను సృష్టికర్త గ్రాహంబెల్ ఇటువంటి పరికరాన్నే ప్రయోగించారు. ప్రయత్నం ఫలించలేదు. రోగి పడుకున్న పరుపులోని ఇనుప స్ప్రింగులు అందుకు ఒక కారణమని చెబుతారు. కోరిన లోహాన్ని చుట్టూ ఉన్న ఇనుము మరుగుపరచడమనే చిక్కు మెటల్ డిటెక్టర్లను నేటికీ వదలలేదు.

ఈ విషయం మేము ప్రస్తావించడానికి ఒక కారణమున్నది. మా అక్కగారి కుటుంబం ఖరగ్‌పూర్‌లోని తాల్‌బగీచాలో స్థిరపడింది. వంగభాషలో ఆ పేరుకు తాటితోట అని అర్థం. రైలు కొలువులకై తరతరాలుగా వలస వచ్చిన తెలుగువారికి ఖరగ్‌పూర్ పుట్టినిల్లు వంటిది. వర్క్‌షాపులో పదవీవిరమణ చేసిన మా బావగారికి సువర్ణరేఖా నదిపై మనసు పోయింది. టాటానగర్ పోయే దారిలో ఘాట్‌శిల వద్ద ఆ నదిని మన పాఠకులలో అనేకులు చూసే ఉంటారు. పేరుకు తగినట్లు దాని ఇసుకలో బంగారు రేణువులున్నాయి. ఎగువన కొందరు గ్రామీణులు నేటికీ ఇసుక కడిగి వాటిని ఏరుతుంటారు.

బావగారి ముందు రెండు మార్గాలున్నాయి. పరిచయస్థుని వద్దనున్న పాత డిటెక్టరు చవకగా దొరుకుతుంది. విదేశీ కొత్త యంత్రానికి లక్షల రూపాయలు కావాలి. ఆ లక్షలు చిన్నమ్మాయి పెళ్ళికని దాచిన గ్రాట్యుటీ సొమ్ము. "తమ్ముడూ, నువ్వు ఇంజనీరువి. మీ బావకు నువ్వైనా మంచి చెడ్డ చెప్పు" అని అక్కగారు కోరగా, సెలవుపై తాల్‌బగీచా వెళ్ళాము.

ముందుగా యంత్రం పనిచేసే విధానం చెప్పుకుందాం. తీగచుట్టలో మారుతూ ప్రవహించే విద్యుత్తు అయస్కాంత క్షేత్రాన్ని కల్పిస్తుంది. ఆ క్షేత్రం తాకిన లోహంలో సుడి విద్యుత్ ప్రవాహాలు పుడతాయి. వాటి ప్రతిస్పందనను యంత్రం పసిగట్టి ధ్వనిగా వినిపిస్తుంది. వి.ఎల్.ఎఫ్. రకం యంత్రాలు ఎడతెగని తరంగాన్ని పంపుతాయి. ఇవి చిన్న తునకలను పట్టగలవు, ఇనుమును కొంతవరకు వేరుచేసి చెప్పగలవు. కాని నేలలో ఇనుప ఖనిజం ఎక్కువైతే తడబడతాయి. పల్స్ ఇండక్షన్ రకం ఒక విద్యుత్ స్పందనను పంపి, దానిని ఆపి, పిదప కొన్ని మైక్రోసెకన్లలో వచ్చే ప్రతిస్పందనను వింటుంది. నేల ప్రతిస్పందన త్వరగా అణగిపోతుంది కనుక లోహం లోతున ఉన్నా తెలుస్తుంది. అయితే మేకుకూ బంగారానికీ తేడా చెప్పడంలో ఇది వెనుకబడుతుంది.

ఆస్ట్రేలియాకు చెందిన మైన్‌ల్యాబ్ సంస్థ 1995లో తెచ్చిన ఎస్.డి. 2000 ఈ రెండవ రకం యంత్రాలలో మైలురాయి. అదే సంస్థ 2015లో జి.పి.జెడ్. 7000, 2021లో జి.పి.ఎక్స్. 6000 తెచ్చింది. చివరిదాని బరువు సుమారు 2 కిలోలు. వయసు మళ్ళినవారి భుజానికి అదొక ఊరట. పాత యంత్రాలతో గాలించి వదిలిన నేలలో మిగిలిన తునకలను పట్టడంలోనే కొత్తవాటి ఆధిక్యం. ఎవరూ గాలించని నేలలో, చేయి తిరిగినవాని వద్ద పాత యంత్రమూ తీసిపోదు. కాని పాతదాని విడిభాగాల సంగతి చూసుకోవాలి. పేరు పొందిన వైట్స్ సంస్థ 2020లో మూతపడినది కదా!

పాత యంత్రాన్ని ఒకరోజుకు అడిగి తెచ్చి, పెరటిలో వేర్వేరు లోతులలో సీసపు గుళ్ళు పాతి పరీక్షించాము. అది వి.ఎల్.ఎఫ్. రకం. ఆ ప్రాంతపు ఎర్రని లాటరైట్ నేల ఇనుముతో నిండినది. గుండు లేని చోట కూడా యంత్రం కూసింది. తవ్విన ప్రతిచోటా మేకులు, నట్లు, సీసా మూతలు! రైల్వే పట్టణమా మజాకానా? "బావా, కొత్తదైతే ఇలా అరవదు కదా?" అన్నారు బావగారు ఆశగా. ఇంత అరవదన్న మాట నిజమే.

అయితే అసలు ప్రశ్న వేరు. సువర్ణరేఖలో దొరికేది ముద్ద కాదు, రేణువు. 1980లో ఆస్ట్రేలియాలో మెటల్ డిటెక్టరుకు చిక్కిన 'హ్యాండ్ ఆఫ్ ఫెయిత్' బంగారు ముద్ద 27 కిలోలకు పైబడినది. అటువంటి నేలకై పుట్టిన యంత్రం ఇసుకలో చెదిరిన పొడిని పట్టలేదు. 2001లో మూతపడిన మన ప్రభుత్వరంగ కోలారు గనులలోనూ బంగారం టన్ను రాతికి కొద్ది గ్రాముల చొప్పున కంటికి ఆనకుండా ఉండేది. రేణువులను పట్టేది బరువు. బంగారం నీటికన్నా 19 రెట్లు బరువైనది గనుక, నీటిలో త్రిప్పిన చెక్కపళ్ళెంలో ఇసుక కొట్టుకుపోయి అది అడుగున నిలుస్తుంది. ఈ పనికి కొత్త డిటెక్టరూ పాత డిటెక్టరూ ఒక్కటే.

చట్టం సంగతి కూడా వివరించాము. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం ప్రకారం అనుమతి లేనిదే ఖనిజాన్వేషణ కూడదు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దాచిన నిధి దొరికి, దాని విలువ 10 రూపాయలు మించితే కలెక్టరుకు తెలపాలి.

బావగారు రెండు రోజులు మౌనంగా ఉండి, మూడవనాడు అక్కగారిని వెంటబెట్టుకొని పోస్టాఫీసుకు వెళ్ళి ఆ సొమ్మును డిపాజిట్ చేసి వచ్చారు. పాత యంత్రాన్ని మాత్రం వెంటనే తిరిగి ఇవ్వలేదు. పొరుగువారి కోడలు ఇసుక కుప్పలో పోగొట్టుకున్న ఉంగరాన్ని దానితో అరగంటలో వెదికి ఇచ్చారట! ఇసుకలో ఉంగరమంత లోహం, జానెడు లోతు: పాత యంత్రానికి సరిగ్గా తగిన పని.

ఇటువంటి యంత్రం కొనదలచిన మిత్రులు వెల అడుగుటకు ముందు మూడు ప్రశ్నలు వేసుకోవలెనని మా మనవి. అక్కడి బంగారం ముద్దయా, రేణువా? నేలలో ఇనుమెంత? వెదకడానికి మనకు హక్కున్నదా? వీటికి సమాధానం దొరికిన పిమ్మటనే పాతదా, కొత్తదా అన్న ప్రశ్నకు అర్థముంటుంది.