చీకటిని చీకటిగానే

ఇవాళ తెల్లారకముందే భీమిలి తీరంలో అలివి వల లాగుతున్నారు.
కెమెరా ఆటో మోడ్‌లో ఫొటో తీస్తే ఆ మసక వెలుగు పట్టపగలైపోయింది.

డయల్ 'ఎం' (మాన్యువల్) మీదకి తిప్పా. ఐఎస్ఓ 400, ఎఫ్/4, షట్టర్ 1/15. వెలుగు రెండు స్టాపులు తక్కువని మీటర్ చెప్తోంది. చెప్పనీ అనుకున్నా.

ఊపిరి బిగబట్టి నొక్కా.
తాడు పట్టుకున్న చేతులు చెదిరిపోయాయి. ఇసకలో పాతుకున్న పాదాలు మాత్రం కదల్లేదు. ఆ లాగుడు బరువంతా ఫొటోలోకి వచ్చేసింది!

ఇన్నాళ్లూ ఎవరెవరివో రంగులు నా ఫొటోలకి పూస్తూ కూర్చున్నా. చీకటిని చీకటిగా ఉండనివ్వడం, కదిలేదాన్ని కదలనివ్వడం... నాకు కావల్సింది ఇదే.

తెర మీద చూసి ఓ పెద్దాయన అడిగాడు, "మా చేతులేయి బాబూ?"
ఆ మాటే ఇంకా చెవుల్లో ఉంది.

మీదైన పద్ధతి మీకు ఏ ఫొటోతో దొరికింది? కింద పెట్టండి, చూడాలనుంది.