గుడారం కంటే ముందు నేల

'క్యాంపు' అనే మాటకు మన ఇళ్ళలో స్థిరపడిన అర్థం ఒకటుంది. రాయచోటి నుండో, జగిత్యాల నుండో గల్ఫ్‌కు వెళ్ళిన కుమారుడు "క్యాంపులోనే ఉన్నానమ్మా" అని ఫోనులో చెబితే, కంపెనీ చూపిన గదిలో ఒకదానిపై ఒకటిగా అమర్చిన ఇనుప మంచాలలో ఏదో ఒకదానిపై పడుకుంటున్నాడని తల్లి గ్రహిస్తుంది. సౌదీ కుటుంబాలకు మాత్రం శీతకాలం వచ్చిందంటే మరొక విధమైన క్యాంపు గుర్తుకు వస్తుంది. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు, ఎండ తీవ్రత తగ్గి, ఒకటి రెండు వానలు పడి, నేలపై పలుచని పచ్చదనం కనిపించే రోజుల్లో వారు ఇల్లు విడిచి ఎడారిలో గుడారం వేసుకుంటారు. దీనిని అక్కడ 'కష్తా' అంటారు. ఒకప్పుడు సామగ్రిని ఒంటెలు మోసేవి, నేడు పికప్ ట్రక్కులు మోస్తున్నాయి.

గత జనవరిలో ఉమ్రా ముగించుకుని కొన్నాళ్ళు రియాద్‌లో మా మేనల్లుడి ఇంట ఉన్నాము. అక్కడ కుటుంబాలతో నివసిస్తున్న మన తెలుగువారు సైతం ఈ అలవాటును చేపట్టారు. ఒక గురువారం మధ్యాహ్నం రెండు కుటుంబాలు, రెండు పికప్ ట్రక్కులు, అయిదుగురు పిల్లలతో బయలుదేరాము. నగరానికి ఈశాన్యంగా సుమారు నూరు కిలోమీటర్లు వెళ్ళి, అరమా పీఠభూమి దిగువన దహ్నా ఎర్ర ఇసుక మొదలయ్యే చోట రాత్రి గడపాలని సంకల్పం. ఉత్తరాన నఫూద్ ఎడారిని, దక్షిణాన రుబ్ అల్ ఖాలీ ఎడారిని కలిపే ఇసుక పట్టీ ఈ దహ్నా. దాని పొడవు వెయ్యి కిలోమీటర్లకు పైమాటే. పీఠభూమిపై కురిసిన వాన వాగుల వెంట దిగివచ్చి, ఆ ఇసుకను దాటలేక నిలిచిపోయే పల్లాలు ఇక్కడ ఉన్నాయి. వాటిని 'రౌదా' అంటారు, అనగా పచ్చని తోట. రియాద్ అనే నగరం పేరు ఆ పదానికి బహువచనమే. మదీనాలోని రియాజుల్ జన్నా దర్శించి వచ్చినవారికి ఈ మాటను విడమరచి చెప్పనవసరం లేదు.

ఈ పల్లాలలో పేరెన్నిక గన్నది రౌదత్ ఖురైమ్. అయితే అది 2018లో ప్రకటించిన రాయల్ రిజర్వులలో ఒకదాని పరిధిలో ఉంది. రిజర్వులో విడిది చేయడానికి అనుమతి కావాలి. రిజర్వులోనే కాదు, వెలుపల కూడా చెట్టు కొమ్మ నరకడం ఆ దేశంలో జరిమానా పడే నేరం. కనుక కట్టెలు వెంట తీసుకుని, రిజర్వు హద్దుకు బయటనే చోటు వెతకడం మంచిదని మా మేనల్లుడు ముందే నిర్ణయించాడు. అది తెలివైన నిర్ణయమే.

ప్రయాణానికి ముందు వారమంతా వారింట జరిగిన చర్చ గుడారం గురించే. ఏది పెద్దది, ఏది తేలిక, దేని రంగు బాగుంది! ఎక్కడ వేస్తామన్నది ఎవరూ అడగలేదు. మన ఊళ్ళలో ఇల్లు కట్టేవాడు ముందు స్థలం చూసుకుని తరువాత ఇటుకల బేరం చేస్తాడు. గుడారానికి మాత్రం ఈ వరుస తిరగబడుతుందేమో తెలియదు.

కొందరు గుడారమే అక్కరలేదు, ట్రక్ తొట్టిలోనే పడుకోవచ్చునని అంటారు. పాములు, తేళ్ళ భయం లేదన్నది వారి వాదం. మాట నిజమే గాని కొలత చూసుకోవాలి. రెండు వరుసల సీట్లున్న హైలక్స్ తొట్టి పొడవు సుమారు ఒకటిన్నర మీటరు మాత్రమే. వెనుక తలుపు దించి, దానిపైకి పరుపు చాచితే తప్ప పెద్ద మనిషి కాళ్ళు చాపలేడు. ఒకే వరుస సీట్లున్న బండికి తొట్టి పొడవుగా ఉంటుంది గాని దానిలో కుటుంబం పట్టదు. పైగా ఇనుప తొట్టి రాత్రివేళ మంచులా చల్లబడుతుంది. మందమైన పరుపు లేకుండా దానిలో పడుకోవడమంటే తెల్లవార్లూ మేలుకొని ఉండడమే.

గుడారాల విషయంలో బదూలను మించిన గురువులు లేరు. వారి 'బైతుష్ షఅర్' మేకవెంట్రుకలతో నేసిన నల్లని గుడారం. ఎండలో ఆ నేత వదులుగా ఉండి గాలి ఆడుతుంది. తడిస్తే నూలు ఉబ్బి నేత బిగుసుకుని వానను ఆపుతుంది. ప్రయాణం నాడూ, విడిది నాడూ తేలికగా ఉండే తోలు నివాసాలను అల్లాహ్ తన అనుగ్రహాలలో ఒకటిగా నహ్ల్ సూరాలో ప్రస్తావించాడు. నేడు బజారులో దొరికేవి ప్రధానంగా రెండు రకాలు. నూలు కాన్వాసు గుడారం బరువెక్కువ, గాలి ఆడుతుంది, మనిషి నిలబడి నమాజు చేసుకోవచ్చు. నైలాన్ గుడారం చిటికెలో విచ్చుకుంటుంది, కాని లోపలివారి శ్వాస తేమ గోడలకు పట్టి తెల్లవారేసరికి దుప్పట్లు తడుస్తాయి, నిప్పురవ్వ పడితే కరిగి అంటుకుంటుంది. ట్రక్ ఉండగా బరువు గురించి బెంగ ఎందుకు? కుటుంబంతో వెళ్ళేవారికి కాన్వాసే మేలని మా అభిప్రాయం.

నిప్పురవ్వ మాటను తేలికగా తీసుకోవద్దు. 1997 ఏప్రిల్‌లో మినాలో హాజీల గుడారాలు అంటుకుని 343 మంది మరణించారు. ఆ రోజు మన ఊళ్ళలో టెలిఫోన్ బూతుల ముందు నిలబడిన కుటుంబాలను మేమింకా మరువలేదు. ఆ తరువాతనే మినాలో టెఫ్లాన్ పూత గల, నిప్పంటని ఫైబర్‌గ్లాస్ గుడారాలు వెలిశాయి.

ఇక పిల్లల ముచ్చట హ్యామక్. చీర ఉయ్యాలలో పెరిగిన మన జాతికి అది కొత్తది కాదు. రెండు చెట్ల మధ్య నాలుగైదు మీటర్ల దూరం ఉండాలి. సన్నని తాడు చెట్టు బెరడును కోస్తుంది కనుక వెడల్పాటి పట్టీలతో కట్టాలి. బిగుతుగా లాగకుండా, కూర్చుంటే పాదాలు నేలకు ఆనేంత ఎత్తులో వదులుగా వేలాడనివ్వాలి. నిలువుగా కాక కొంచెం ఏటవాలుగా పడుకుంటే నడుము వంగదు. అసీర్ కొండల మీద జునిపర్ చెట్ల నడుమ ఇది హాయి. రియాద్ చుట్టుపక్కల ఉన్నవి మాత్రం ముళ్ళ తుమ్మలు, అవి కూడా వాగుల్లోనే. హ్యామక్ కట్టాలనే ఆశ మనిషిని నేరుగా వాగులోకి దింపుతుందన్న సంగతి ఆ సాయంత్రం తెలిసివచ్చింది. అదీగాక చలి రాత్రి హ్యామక్‌లో నిద్ర కష్టం. దుప్పటి వీపు కింద నలిగిపోయి, కింద వీచే గాలి నేరుగా ఒంటికి తగులుతుంది.

తారు రోడ్డు వదిలాక చక్రాలలో గాలి 35 నుండి 15 పౌండ్లకు తగ్గించారు. మెత్తని ఇసుకలో బండి దిగబడకుండా ఉండే ఉపాయమది. కొంతదూరం పోగానే అందరి కళ్ళకూ ఒక చోటు నచ్చింది. ఇరువైపులా గట్లు, నడుమ చదునైన మెత్తని ఇసుక, గాలి తగలదు, తగిన దూరంలో రెండు తుమ్మచెట్లు. పిల్లలు అప్పుడే పట్టీలు బయటికి తీశారు.

గట్టు మీద మేకల మంద కనిపించింది. వాటి వెనుక తలకు ఎర్ర గళ్ళ గుడ్డ చుట్టుకున్న మనిషి. పిల్లల మాటలు విని ఆగి, "మామా, యాడ మనది?" అన్నాడు. రాయలసీమలో హిందువులు మమ్మల్ని పిలిచే ఆ పిలుపును దహ్నా అంచున వింటామని ఊహించలేదు. అన్నమయ్య జిల్లావాడు. ఇంటిపని వీసా అని తీసుకువచ్చి మేకల వెంట పంపారట. రెండేళ్ళు దాటింది. నివాసం గుడారమే.

"ఈడ వద్దు మామా. ఇది నీళ్ళ దావ" అన్నాడు. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు కదా అని మా మేనల్లుడు అన్నాడు. అతడు వాదించలేదు. చెట్టు దగ్గరికి వెళ్ళి, నడుము ఎత్తున కొమ్మల్లో చిక్కుకున్న ఎండుపుల్లలను, మేకపెంటికలను, ఒక ప్లాస్టిక్ సంచిని చూపించాడు. "ఇవి ఎగిరొచ్చినవి కాదు. పైన యాడో కురిస్తే చాలు, ఈడికి ఉత్త నీళ్ళే వస్తాయి" అన్నాడు.

మారుమాట లేకుండా సామాను ఎత్తుకున్నాము. 2009 నవంబరు 25న జిద్దాలో కొన్ని గంటల వానకు వాగులు పొంగి వందమందికి పైగా మరణించారు. అది నగరం! గట్టి నేల నీటిని పీల్చదు, గట్లు దానిని పక్కకు పోనివ్వవు. హోరు వినిపించాక నిద్రలో ఉన్న పిల్లలను లేపి, గుడారం విప్పి, బండి తిప్పేంత వ్యవధి ఉండదు. వాగులో విడిది చేయదలచినవారు ఆకాశాన్ని కాదు, చెట్టు కొమ్మలను చూడాలి.

అతడు చూపిన చోటు రెండు వందల అడుగుల దూరంలోని గులకరాళ్ళ మిట్ట. అందం లేదు, చెట్టు లేదు. దానినే ఎందుకు ఎంచాడో ఒక్కొక్కటిగా చెప్పాడు. బండ్ల జాడలు దానికి దూరం. రాత్రివేళ కుర్రవాళ్ళు ఇసుక దిబ్బల మీదుగా బండ్లను ఎగిరిస్తారు, దిబ్బ అవతల పడుకున్నవారు వారికి కనపడరు. రాత్రి విడిది చేసేవారు దారిని విడిచి దిగాలన్న దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధను ముప్పై ఏళ్ళుగా పిల్లలకు చెబుతున్నాము. ఈ నేల మీద నిలబడి విన్నప్పుడు దాని అవసరం కళ్ళకు కట్టింది. పొదల మొదళ్ళలో పాములుంటాయి, మిట్ట మీద పొదలు లేవు. బొరియలు ఉన్నాయేమోనని చుట్టూ తిరిగి చూశాడు. గాలి వాయవ్యం నుండి వస్తుంది కనుక రెండు ట్రక్కులనూ ఆ వైపు అడ్డంగా నిలిపించి, గుడారాల వాకిళ్ళు ఆగ్నేయానికి పెట్టించాడు. మేకులు పట్టని చోట సంచుల్లో ఇసుక నింపి, తాడు కట్టి పాతించాడు. గుడారాలు దూరదూరంగా వేస్తుంటే దగ్గరికి జరపమన్నాడు. సహాబాలు విడిది చేసినప్పుడు ఒకే వస్త్రం కప్పవచ్చునన్నంత దగ్గరగా చేరేవారన్న ఉల్లేఖనం అబూదావూద్‌లో ఉంది. అతడు దానిని ఎన్నడూ విని ఉండడు.

ఇషా తరువాత చలి పెరిగింది. పగలు చొక్కాతో తిరిగిన చోట రాత్రి రెండు దుప్పట్లు చాలలేదు. వంట ముగిశాక మా మేనల్లుడి భార్య నిప్పుల పళ్ళెం గుడారంలోకి తేబోయింది.

"పిల్ల వణికిపోతోంది మామూజాన్. పొగ కూడా లేదు, ఉత్త నిప్పులే."

"పొగ లేనందుకే భయం బేటీ" అన్నాము.

ఆమెకు నచ్చలేదు. వాకిలి కొంచెం తెరిచి ఉంచుతానంది. రెండవ కుటుంబం వారు బండిలో ఇంజన్ నడిపి వేడిగాలి పెట్టుకుంటామన్నారు. రెండూ వద్దని గట్టిగా చెప్పవలసి వచ్చింది. బొగ్గు కణకణలాడినా, బూడిద కప్పుకున్నా దాని నుండి కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తం ప్రాణవాయువును పట్టుకునే దానికంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా దానిని పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, తరువాత మగత. నిద్రలో ఉన్నవారికి ఆ తలనొప్పి కూడా తెలియదు. నిలిపిన బండి గొట్టం నుండి వచ్చేదీ అదే. వాకిలి జానెడు తెరిచినంత మాత్రాన అది పోదు. గల్ఫ్ దేశాల్లో చలికాలపు పత్రికలు చూసేవారికి ఈ మరణాలు కొత్త కావు. మృతుల్లో మన దేశపు డ్రైవర్లు, పనిమనుషులు ఉంటారు. నిద్రించే ముందు నిప్పును ఆర్పమన్న ప్రవక్త ఆదేశం బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. నిప్పుల మీద ఇసుక కప్పితే లోపల రాజుకుంటూనే ఉంటుంది కనుక నీళ్ళు పోసి ఆర్పించాము.

మరి చలి సంగతి? చలి ఎక్కువగా వచ్చేది నేల నుండి. పైన మూడవ దుప్పటి కప్పడం కంటే కింద మందమైన చాప, దానిపై రగ్గు పరచడం మేలు. ఆర్పకముందే నీళ్ళు కాచి, సీసాల్లో పోసి, తువ్వాళ్ళు చుట్టి పిల్లల దుప్పట్లలో పెట్టాము. టోపీలు, మేజోళ్ళు తీయనివ్వలేదు. పిల్లలను నడుమ పడుకోబెట్టి పెద్దలు అంచులకు జరిగారు. పాప పావుగంటలో నిద్రపోయింది. ఆమె తల్లి మాత్రం చాలాసేపు మాతో మాట్లాడలేదు.

ఆ రాత్రి వాన పడలేదు. ఫజ్ర్‌కు లేచేసరికి నైలాన్ గుడారం లోపలి గోడలు చెమటపట్టినట్లు ఉన్నాయి, కాన్వాసుది పొడిగా ఉంది. మన ఆంధ్ర, తెలంగాణల్లో ఖిబ్లా పడమరకు కొంచెం ఉత్తరంగా ఉంటుంది. రియాద్ నుండి అది నైరుతి వైపు తిరుగుతుంది. పిల్లలు అలవాటుగా పడమరకు నిలబడితే సరిదిద్దవలసి వచ్చింది. నీళ్ళు మనిషికి రోజుకు అయిదు లీటర్ల లెక్కన తెచ్చుకున్నాము గనుక వుజూకు లోటు రాలేదు.

బయలుదేరే ముందు చెత్తంతా సంచుల్లోకి ఎత్తి తొట్టిలో వేయించాము. ప్లాస్టిక్ తిని ఒంటెలు, మేకలు చస్తాయని అతడే చెప్పాడు. మిగిలిన నీళ్ళ డబ్బాలు, కట్టెలు, ఒక రగ్గు అతనికి ఇచ్చాము. ఇంటికి ఫోను చేయించి వాళ్ళమ్మతో మాట్లాడించాడు మా మేనల్లుడు. ఎక్కడున్నావని ఆమె అడిగింది కాబోలు, "క్యాంపులోనే" అన్నాడతను. ఇంకేమైనా కావాలా అని అడిగితే కొంతసేపు మొహమాటపడి, ఎవరూ వాడని ఆ హ్యామక్ పట్టీలు రెండూ ఇమ్మన్నాడు. అతని గుడారానికి గాలివైపు తాళ్ళు పీచులై తెగిపోతున్నాయట.