రక్తంలో ఇనుముంది కదా, అయస్కాంతం ఎందుకు లాగదు?

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మేమంతా హాస్టళ్లలో ఉండి ఇంటర్ చదివినవాళ్లం. ఎలక్ట్రాన్ విన్యాసం బట్టీ పట్టాం, మార్కులు తెచ్చుకున్నాం. అది మన బతుక్కి ఎక్కడ తగులుతుందో మాకెవరూ చెప్పలేదు. అందుకే మేమే రాస్తున్నాం.

సంతల్లో అయస్కాంతం కడియాలు అమ్ముతుంటారు. రక్తంలో ఇనుముంది కాబట్టి కడియం రక్తాన్ని లాగి బాగుచేస్తుందంటారు. నిజమేనా? లెక్క చూద్దాం.

ప్రతి ఎలక్ట్రానూ ఒక చిన్న అయస్కాంతమే. ఒకే ఆర్బిటాల్‌లో రెండుంటే వాటి స్పిన్‌లు ఎదురెదురు, బలం చెల్లిపోతుంది. జత లేకుండా ఒంటరిగా మిగిలినదే పనిచేస్తుంది. జింక్ అయాన్‌లో 3డి ఎలక్ట్రాన్లు 10, అన్నీ జతలే. కాబట్టి అయస్కాంతం లాగదు. ఫెర్రస్ అయాన్‌లో 6 ఉంటాయి. ఐదు గదుల్లో ఆరుగురిని సర్దితే ఒక గదిలో ఇద్దరు, మిగతా నాలుగింట్లో ఒక్కొక్కరు. అంటే 4 ఒంటరి ఎలక్ట్రాన్లు, సుమారు 4.9 బోర్ మాగ్నెటాన్లు.

కానీ రక్తంలో కథ వేరు. 1936లో లైనస్ పాలింగ్, చార్లెస్ కోరియెల్ కొలిచి చూపించారు: ఆక్సిజన్ వదిలిన హీమోగ్లోబిన్‌లో ఒక్కో ఇనుముకీ 4 ఒంటరి ఎలక్ట్రాన్లు, ఆక్సిజన్ పట్టుకోగానే సున్నా. అలాంటి రక్తాన్ని అయస్కాంతం లాగదు సరికదా, చాలా కొద్దిగా అవతలికి తోస్తుంది. మేకులో అయితే లెక్కలేనన్ని ఇనుప పరమాణువులు పక్కపక్కనే ఉండి ఒకే దిక్కుకు తిరుగుతాయి, అందుకే టక్కున అంటుకుంటుంది. రక్తంలో ఇనుము విడివిడిగా ఉంటుంది.

అదే పాలింగ్ 1949లో సహచరులతో కలిసి, సికిల్ సెల్ జబ్బుకి మూలం హీమోగ్లోబిన్ అణువులోని తేడానే అని తేల్చాడు. ఇది మన గూడేల్లో ఎక్కువగా కనిపించే జబ్బు. ఆక్సిజన్ వదిలాక ఆ అణువులు ఒకదానికొకటి అతుక్కుని, కణం కొడవలిలా వంగిపోతుంది. అతికించేది అయస్కాంతం కాదు, ప్రొటీన్‌లో మారిన ఒక్క అమైనో ఆమ్లం. మరి కడియం దాన్నెలా మారుస్తుంది?

తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. 2023లో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. పెళ్లికి ముందే పరీక్ష చేయించుకోండి. కడియానికి పెట్టే డబ్బులు ఆస్పత్రికి వెళ్లే బస్సు చార్జీలకు ఉంచండి. ఊళ్లో పెద్దోళ్లకి మన భాషలో విడమరిచి చెప్పండి. చదువుకున్న మనం చెప్పకపోతే ఇంకెవరు చెప్తారు?