పాత ఇళ్ళు కొనబడును

ఇల్లు కట్టేవాడి కోసం వెతికినవాళ్ళను చాలామందిని చూశాను గాని, కూల్చేవాడి కోసం చెప్పులరిగేలా తిరిగినవాణ్ణి నన్నొక్కణ్ణే చూశాను. రాజమండ్రిలో మా నాన్నగారి పెంకుటిల్లు రెండు వానాకాలాలుగా మమ్మల్ని బెదిరిస్తోంది. వంటింటి దూలానికి చెద పట్టింది. ఇక లాభం లేదు, పడగొట్టి చిన్న డాబా వేసుకుందామంది మా ఆవిడ.

పడగొట్టేందుకు ఎంత ఇచ్చుకోవాలో అని నేను బెంగపడుతూంటే, మా కాలేజీలో లెక్కలు చెప్పే మిత్రుడు పకపకా నవ్వాడు.

"ఇచ్చుకోవడం కాదయ్యా, పుచ్చుకోవడం! దూలాలూ, తలుపులూ, ఇటుకలూ వాడివి. డబ్బు నీది."

ఇరవై ఏళ్ళుగా పదాల వ్యుత్పత్తులు చెబుతున్నాను. 'పాత ఇళ్ళు కొనబడును' అన్న బోర్డుకు అర్థం ఆనాటికి గాని బోధపడలేదు సుమండీ!

మొదట వచ్చినాయన గుమ్మంలోనే ఆగి, తలుపు గోటితో గీకి, "బర్మా టేకే" అని లక్షన్నర అన్నాడు. రెండో ఆయన రెండు లక్షలన్నాడు. యంత్రం పెట్టి ఒక్క రోజులో నేలమట్టం చేస్తాడట. మట్టీ పెళ్ళలూ ఎక్కడ పోస్తావయ్యా అంటే, "గోదారి గట్టుందిగా అండీ!" అన్నాడు. శిథిలాలు ఎక్కడపడితే అక్కడ పోయకూడదని 2016లోనే కేంద్రం నిబంధనలు చేసిందని చెప్పబోయాను. ఆయన సెల్‌ఫోను మోగింది.

మూడో ఆయన ముసలాయన. తలుపుల వంక చూడనే లేదు. పడమటి గోడ తట్టి, "ఇది ఉమ్మడి గోడా మాస్టారూ?" అన్నాడు. ఔనన్నాను. తిన్నగా పక్కింటి పిన్నిగారి దగ్గరికి పోయి, ఆవిడ వైపు నుంచి కూడా చూసొచ్చాడు.

"మీ దూలాల కొసలు ఆ గోడలో ఉన్నాయండి. లాగితే ఆవిడగారి పడగ్గది కూడా వచ్చేస్తది. గోడ దగ్గరికి కోసి వదిలెయ్యాలి. పైనుంచి చేత్తో దింపుకు రావాలి. పదిహేను రోజులు. తొంభై వేలిస్తాను."

లక్షా పదివేల తేడా! ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

రెండో ఆయనచేత ఇల్లు కూల్పించుకున్నాయన్ని వెతికి పట్టుకున్నాను. చెప్పిన డబ్బు చెప్పినట్టు ఇచ్చాడని తెగ మెచ్చుకున్నాడు. తిరిగి వస్తూంటే ఆయన పొరుగాయన నన్ను పిలిచి, తన హాలు గోడ చూపించాడు. బీటలో నా చిటికెనవేలు దూరింది.

దాంతో తెలివొచ్చి, ముసలాయన పని చేసిన చోట ముందుగా పొరుగింటి తలుపే తట్టాను. "ఒక పెంకు జారి మా పాకమీద పడిందండి. మర్నాడు ఆయనే మనిషిని పంపి బాగుచేయించాడు" అంది ఆ ఇల్లాలు. ఇంతకంటే యోగ్యతాపత్రం ఏముంటుంది?

కూల్చడానికి కూడా ఐ.ఎస్. 4130 అని ఒక ప్రమాణపత్రం ఉందని ఇంజనీరైన మా బావమరిది తరవాత చెప్పాడు. పైనుంచి కిందికి వరుసగా దిగాలని అదీ అంటుందట. ముసలాయనకు చదువు రాదు.

కూలీకి దెబ్బ తగిలితే ఎవరు చూడాలి, పిన్నిగారి గోడకు నష్టం వస్తే ఎవరు కట్టాలి, పెళ్ళలెక్కడికి పోవాలి, అన్నీ ఒప్పందం రాసి చదివి వినిపించాను. "శుభలేఖలా ఉందండి. ఈసారి మామూలుగా చెప్పండి" అన్నాడు. చెప్పాను. అన్నిటికీ తలూపి, "వీధి గుమ్మం ఎవరికని రాశారు?" అన్నాడు.

ఆయనకే రాశాను. ఇద్దరం గడప వంక చూశాం. మా అమ్మ నలభై ఏళ్ళు రాసిన పసుపు చెక్క నరాల్లో ఇంకా ఉంది.

"పసుపు పట్టిన చెక్క మా దగ్గర ఎవరూ కొనరండి" అన్నాడు ముసలాయన.

టేకు గుమ్మం! అబద్ధమని నాకూ తెలుసు. ఆ పంక్తి కొట్టేశాను. నేను సంతకం చేశాను, ఆయన వేలిముద్ర వేశాడు.