పోకతోటల నడుమ రంగస్థలం

శివమొగ్గ నుండి జోగ్ జలపాతానికి పోయే రహదారిలో డెబ్బై కిలోమీటర్లు ప్రయాణం చేస్తే సాగర పట్టణం వస్తుంది. చందనపు కొయ్యపై బొమ్మలు చెక్కే గుడిగారుల వల్ల ఆ ఊరికి పేరు వచ్చింది. యాత్రికులలో చాలామంది అక్కడ బస్సు దిగరు. దిగినా ఒక కప్పు కాఫీ తాగి జలపాతం దారి పడతారు. కాని ఏటా అక్టోబరు మాసంలో, వానలు వెనుకపట్టే వేళకు, భుజాన సంచులు తగిలించుకున్న కొందరు సాగరలో దిగి మరొక బస్సు కోసం వాకబు చేస్తారు. వారిలో బడిపంతుళ్ళుంటారు, కళాశాల విద్యార్థులుంటారు, బ్యాంకు గుమాస్తాలుంటారు. వారికి కావలసినది జలపాతం కాదు. పది కిలోమీటర్ల లోపు దూరాన పోకతోటల నడుమ ఒదిగి ఉన్న హెగ్గోడు అనే పల్లె వారి గమ్యం. అక్కడ వారు నాటకాలు చూస్తారు, వాటిని గురించి రోజంతా వాదించుకుంటారు.

హెగ్గోడులో కోట లేదు, చరిత్రకెక్కిన శిల్పం లేదు. అటువంటివి కావలసినవారు సమీపంలోని కెళది, ఇక్కేరి గ్రామాలకు వెళ్ళి నాయక రాజుల ఆలయాలు చూసుకోవచ్చును. హెగ్గోడుకు ఉన్నది నీలకంఠేశ్వరుడనే గ్రామదైవం. ఆ దేవుని పేర 1949లో ఊరి యువకులు ‘శ్రీ నీలకంఠేశ్వర నాట్య సేవా సంఘ’ అని ఒక సంఘం పెట్టుకున్నారు. పేరులోని తొలి అక్షరాలు కలిసి అది ‘నీనాసం’ అయింది. ఆ రోజులలో కన్నడదేశంలో గాని ఆంధ్రదేశంలో గాని ఇటువంటి సంఘాలకు కొదవ లేదు. పండుగకొక నాటకం, ఆ వెంటనే పాత్రల పంపకం మీద తగాదా, మరుసటి ఏడు కిరీటాల పెట్టెకు తాళం: చాలా సంఘాల జీవితచరిత్ర ఇంతే. హెగ్గోడు సంఘం ఈ తోవన పోకపోవడానికి కారణాలు వెతికితే, ఆ ఊరి రైతు ఒకరి వద్ద ఆగవలసి వస్తుంది.

కె. వి. సుబ్బణ్ణ 1932లో జన్మించారు. సంఘం పుట్టేనాటికి ఆయన పదిహేడేళ్ళ కుర్రవాడు. మైసూరులో కన్నడ సాహిత్యం చదివారు. ఆనాటి పట్టభద్రులకు ఆ చదువు పట్టణంలో ఒక ఉద్యోగానికి సోపానం. సుబ్బణ్ణ మాత్రం ఊరికి తిరిగి వచ్చి పోకతోట సాగు చేసుకున్నారు. ‘అక్షర ప్రకాశన’ అనే ప్రచురణ సంస్థ నెలకొల్పారు. స్వయంగా నాటకాలు అనువదించారు, ఆడించారు. కళ కోసం పల్లెవాడు పట్నం పోవాలన్నది లోకరీతి. కళనే పల్లె వేళలకు అలవాటు చేయడం సాధ్యమా అన్నది సుబ్బణ్ణ జీవితమంతా పరీక్షించి చూసిన ప్రశ్న.

ఆ పల్లె వేళలెటువంటివో కొంత చెప్పుకోవాలి. మలెనాడులో జూన్ నుండి సెప్టెంబరు దాకా ఆకాశం మూత తీయదు. వానకు ముందే, మళ్ళీ వానల మధ్య తెరిపి దొరికినప్పుడూ, కాయకుళ్ళు తెగులు తగలకుండా పోకగెలలకు బోర్డో మిశ్రమం కొట్టాలి. దానికై మనిషి నిటారైన చెట్టు ఎక్కాలి. చలికాలం వస్తే కోత. కోసిన కాయలను ఇళ్ళ ముంగిళ్ళలో రాత్రి పొద్దుపోయేదాకా ఒలుస్తారు. ఆడవారి చేతులు ఒలుపు మీద ఉంటే నోళ్ళు కబుర్ల మీద ఉంటాయి. ఆ తరువాత ఉడకబెట్టడం, ఎండబెట్టడం. ఇటువంటి ఊరిలో ‘ప్రతి శనివారం సాయంకాలం ఆరు గంటలకు’ అని పట్నపు పద్ధతిలో ప్రకటన అంటిస్తే దానిని చదివేవాడు ఉండడు. పంచాంగం వానది, పోకచెట్టుది. కళాకేంద్రం దానికి లొంగి నడవవలసిందే.

నీనాసం అట్లాగే నడిచింది. 1972లో దానికి సొంత రంగమందిరం ఏర్పడింది. కన్నడ సాహిత్యంలో మహావృక్షం వంటి శివరామ కారంతుని పేరు దానికి పెట్టారు. 1973లో చలనచిత్ర సమాజం ఆరంభమైంది. 1980లో నాటక శిక్షణాలయం తెరిచారు. వానలలో విద్యార్థులు చేరుతారు, ఎండలు ముదిరేసరికి చదువు ముగుస్తుంది. చేరేవారు కొద్దిమందే. ఉదయం దేహశిక్షణ, కాళ్ళకు యక్షగానపు అడుగులు, గొంతుకు కసరత్తు. పిమ్మట పాఠాలు: భరతుడు, గ్రీకు నాటకం, షేక్‌స్పియర్, బ్రెహ్ట్. ఆహార్యం, దీపనం, రంగాలంకరణ కూడ వారే నేర్చుకోవాలి. రాజు వేషం కట్టబోయే విద్యార్థి తన సింహాసనానికి తానే మేకులు కొట్టుకోవలసి ఉంటుంది. సాయంకాలాలు అభ్యాస ప్రదర్శనకు పోతాయి. వారం వెంట వారం ఇదే క్రమం. బయట వాన, లోపల సంభాషణ. ఆ వాన చప్పుడు మీదుగా వినిపించేటట్లు మాట పలకగలిగితే ఏ ఊరి మైదానంలోనైనా పలకవచ్చును.

చలనచిత్ర సమాజం కథ మరింత విచిత్రమైనది. పుణెలోని జాతీయ చలనచిత్ర భాండాగారం నుండి ఫిల్ము పెట్టెలు ఈ పల్లెకు ప్రయాణం చేశాయి. డి సికా, కురొసావా, సత్యజిత్ రాయ్ చిత్రాలను పోకతోటల రైతులు చూశారు. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఆచార్యుడు సతీశ్ బహదూర్ వచ్చి, చిత్రాన్ని ఎట్లా చూడవలెనో నేర్పే శిబిరాలు నడిపారు. పల్లెటూరివారికి ఇవి అర్థమవుతాయా అని పట్నంలో కొందరు నవ్వి ఉంటారు. సైకిలు పోగొట్టుకున్న కూలివాని దుఃఖం సైకిలు మీద బ్రతికేవానికి అర్థం కాక మరెవరికి అర్థమవుతుంది? భాండాగారాన్ని కూర్చిన పి. కె. నాయర్ జీవితంపై 2012లో వెలువడిన ‘సెల్యులాయిడ్ మ్యాన్’ అనే చిత్రంలో హెగ్గోడు గ్రామస్థులు తాము ఏనాడో చూసిన ఆ సినిమాలను జ్ఞాపకం చేసుకుంటారు.

ఈ కృషికంతటికీ వెన్నెముక అనువాదం. ఈ సంగతి సాధారణంగా ఎవరి కంటా పడదు. మన సాహిత్యలోకంలో అనువాద నాటకం అచ్చయి, గ్రంథాలయం చేరి, పరీక్ష పత్రంలో ఒక ప్రశ్నగా మిగలడం ఆచారం. హెగ్గోడులో అనువాదం నోటికోసం పుట్టింది. నటుని నాలుక ఎక్కడ తడబడితే అక్కడ వాక్యం తప్పన్నమాట. పోకకాయలు ఒలిచి వచ్చి కూర్చున్న ముసలమ్మకు పరదేశపు రాజు మాట తన మాటగా వినబడకపోతే, పండితుల మెప్పు ఎంత దొరికినా ఏం లాభం? నిఘంటువు అంతస్తుకు ఎక్కిన అనువాదకులు దిగి రావడానికి ఇటువంటి ప్రేక్షకులను మించిన నిచ్చెన లేదు.

దీనికి పరాకాష్ఠ అనదగిన సంఘటన 1980లలో జరిగింది. ఆ దశకంలో నీనాసం ఫోర్డ్ ఫౌండేషన్ సహాయంతో ‘జనస్పందన’ అనే కార్యక్రమం చేపట్టి, తన శిక్షణను దూరపు ఊళ్ళకు తీసుకుపోయింది. ఉత్తర కన్నడ జిల్లా అడవులలో సిద్దీలు నివసిస్తున్నారు. శతాబ్దాల క్రితం ఆఫ్రికా నుండి బానిసలుగా ఈ తీరానికి తేబడినవారి సంతతి వారు. ఇంటిలో కొంకణి, బయట కన్నడం మాట్లాడతారు. మంచికేరి ప్రాంతంలోని ఆ సిద్దీలతో, నీనాసంకు చెందిన దర్శకుడు చిదంబరరావు జంబె ఒక నాటకం ఆడించారు. అది నైజీరియా రచయిత చినువా అచెబె 1958లో ప్రకటించిన ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ నవలకు కన్నడ నాటకరూపం. ఆఫ్రికా కథ ఇంగ్లీషులో పుట్టి, కన్నడంలోకి వచ్చి, ఆఫ్రికా రక్తం గల కన్నడిగుల నోట పలికింది. తమ తాతలు విడిచిపోయిన నేల మీది పల్లెలో తెల్లవాడు అడుగుపెట్టిన వైనాన్ని వారు తమ డోళ్ళతో, తమ అడుగులతో ప్రదర్శించారు. ఏ అనువాదకుడూ ఊహించి చేయగల పని కాదు ఇది. ఆ తరువాతి కాలంలో సిద్దీ యువతీయువకులు కొందరు హెగ్గోడుకే వచ్చి నాటకవిద్య అభ్యసించారు.

ఇంతమాత్రాన హెగ్గోడును కలతలు లేని ఆశ్రమంగా చిత్రించడం పొరపాటు. ఈ సీమలో భూమి చరిత్ర చాల కరుకైనది. సంఘం పుట్టిన రెండేళ్ళకు, 1951లో, ఇదే సాగర తాలూకాలోని కాగోడు గ్రామంలో కౌలు రైతులు సత్యాగ్రహం చేశారు. రామమనోహర్ లోహియా వచ్చి అందులో పాల్గొని అరెస్టయ్యారు. తోటలు గలవారు, తోటలలో పనిచేసేవారు ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుని నాటకం చూడడం ఒక్క రోజులో వచ్చే అలవాటు కాదు. రంగమందిరం తలుపులు అందరికీ తెరిచి ఉండడం ఒకటి, అందరూ లోపలికి రావడం మరొకటి. సుబ్బణ్ణ తరం వారు సోషలిస్టు ఉద్యమపు గాలి పీల్చినవారు గనుక ఈ తేడాను ఎరిగే పనిచేశారు. దానిని పూర్తిగా చెరిపివేయగలిగారని మాత్రం చెప్పలేము.

నీనాసం పేరు కర్ణాటకమంతటా ఎరుకపడడానికి 1985లో ఆరంభమైన ‘తిరుగాట’ కారణం. కరావళి యక్షగాన మేళాలు వానలు వెలిసిన పిమ్మట బయలుదేరి, మళ్ళీ తొలకరి దాకా ఊరూరా ఆడతాయి. ఆ సంచారానికి అక్కడ తిరుగాట అని పేరు. ఆ మాటను, ఆ పద్ధతిని నీనాసం అరువు తెచ్చుకున్నది. ఒక చిన్న బృందం వానాకాలంలో నాటకాలు సిద్ధం చేసుకుంటుంది. అక్టోబరులో జరిగే సంస్కృతి శిబిరంలో వాటిని తొలిసారి ఆడుతుంది. ఆ వెంటనే తెరలు, దీపాలు సర్దుకుని బయలుదేరుతుంది. బడి ఆవరణ దొరికితే బడి ఆవరణ, పెళ్ళి మంటపం దొరికితే అది.

ఇది చదివే తెలుగువారికి సురభి కుటుంబాలు తలపునకు రాక మానవు. 1885లో కడప సీమలోని సురభి గ్రామంలో మొదలైన ఆ సంచారం తల్లి ఒడి నుండి పిల్లలకు వచ్చిన విద్య. 1929లో తెనాలిలో ఆరంభమైన ఆంధ్ర నాటక కళా పరిషత్తు పోటీల ద్వారా ఎందరో నటులను వెలికి తెచ్చింది. మనకు కుటుంబం ఉన్నది, పోటీ ఉన్నది. రైతుబిడ్డ అయినా, గుమాస్తా బిడ్డ అయినా వెళ్ళి చేరి, ఏడాది ఉండి నేర్చుకునే పల్లెటూరి పాఠశాల విషయంలో మాత్రం పొరుగువారిని చూసి అసూయపడవలసిందే. రెండు దారులనూ తొక్కిన మహానుభావుడు బి. వి. కారంత్. ఆయన హెగ్గోడులో నాటకాలకు దర్శకత్వం వహించారు. 1990లలో సురభి వారితో కలిసి బ్రెహ్ట్ నాటకాన్ని ‘బస్తీ దేవత యాదమ్మ’గా తెలుగు రంగస్థలం మీద నిలబెట్టారు.

ఇక్కడ నేర్చినవారందరూ నాటకంలోనే ఉండిపోతున్నారా? లేదు. ‘కాంతార’ చిత్రంలో తెలుగు ప్రేక్షకులు భూస్వామిగా చూసిన అచ్యుత్ కుమార్ నీనాసం విద్యార్థి. మరొక కథానాయకుడు సంస్థ పేరునే ఇంటిపేరు చేసుకుని సతీశ్ నీనాసం అని పిలిపించుకుంటున్నారు. బెంగళూరు కెమెరాలు పిలుస్తుంటే, నెలల తరబడి వాహనంలో తిరుగుతూ రోజుకొక ఊరిలో తెర కట్టే బ్రతుకును ఎంతమంది ఎంతకాలం భరిస్తారు? వెళ్ళినవారిని తప్పు పట్టనక్కరలేదు, కడుపు ఎవరికైనా కడుపే. అయితే ప్రతి ఏడూ కొత్తవారితో మొదటి పాఠం నుండి ఆరంభించవలసిన బరువు మాత్రం హెగ్గోడు మీదనే పడుతుంది.

1991లో సుబ్బణ్ణకు మెగసెసే పురస్కారం వచ్చింది. 2005 జూలైలో, వానల నడుమ, ఆయన కన్నుమూశారు. స్థాపకుడు పోయిన పిమ్మట సంస్థలు గతించిన మహిమను చెప్పుకుంటూ మ్యూజియములుగా మారడం మన దేశంలో కొత్త కాదు. ఆ భయం హెగ్గోడు మిత్రులకూ కలిగి ఉంటుంది. అయితే సుబ్బణ్ణ కుమారుడు, నాటకకర్త, దర్శకుడు అయిన కె. వి. అక్షర, ఆయన సహచరులు పనిని ఆపలేదు. ఈ గాలికే మరొక మొలక కూడ లేచింది. 1990లలో నాటక దర్శకుడు ప్రసన్న పక్కనే ఉన్న భీమనకోణెలో ‘చరక’ అనే మహిళల చేనేత సహకార సంఘాన్ని ఆరంభించారు. అక్కడ బట్టకు వేసిన రంగులలో ఒకటి, పోకకాయలు ఉడికిన నీటి నుండి తీసిన ఎర్రని చొగరు.

సంస్కృతి శిబిరం చివరి రాత్రి నాటకం ముగిసేసరికి బాగా పొద్దుపోతుంది. దూరపు ఊళ్ళ నుండి వచ్చినవారు ఇంకా వాదించుకుంటూ బసలకు నడుస్తారు. ఊరివారు చేతిదీపాలు వెలిగించుకుని తోటల మధ్య కాలిబాటలలో ఒక్కొక్కరుగా మాయమవుతారు; తెల్లవారితే వారికి పని ఉన్నది. రంగమందిరం వెనుక తిరుగాట కుర్రవాళ్ళు తెరలు మడిచి, దీపాల పెట్టెలు లెక్క చూసుకుని వాహనంలోకి ఎక్కిస్తుంటారు. తరువాతి ఊరిలో ఆట ఏ వేళకో వారు అప్పుడే అడిగి తెలుసుకుంటారు.