నాలుగు గంటల దుబాయి

దుబాయిలో ఉన్న తమ్ముడి దగ్గరికి పోతున్నానంటే మా వాడకట్టులో అందరిదీ ఒకటే మాట: "గదెంత దూరమన్నా, నాలుగు గంటలేనాయె!" అబద్ధమేం కాదు. శంషాబాద్ నుంచి దుబాయికి ఆకాశమార్గాన సుమారు 2,500 కిలోమీటర్లు. విమానం నాలుగు గంటలకు అటూ ఇటుగా దింపుతుంది. కాకపోతే ఆ లెక్క శంషాబాద్ పక్కన ఇల్లున్నవాళ్లది.

మంచిర్యాలలో పొద్దుటి రైలెక్కాను. ఊరు దాటగానే గోదావరి, తర్వాత రామగుండం పొగగొట్టాలు, పెద్దపల్లి, జమ్మికుంట, కాజీపేట. సికింద్రాబాద్‌లో దిగేసరికి నాలుగు గంటలు దాటింది. అక్కణ్నుంచి విమానాశ్రయానికి పుష్పక్ బస్సు. అంతా కలిపినా మూడు వందల కిలోమీటర్లు లేదు. దీనికి పట్టినంత సేపట్లో విమానం అరేబియా సముద్రం దాటేస్తుంది.

లోపల మూడు గంటల ముందే లైను. నా ముందు లక్సెట్టిపేట దిక్కు పిల్లగాడు, చేతిలో కాగితాల సంచి. పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంది. పదో తరగతి గట్టెక్కనివాళ్లకు సాధారణంగా పడే ముద్ర అది. అదుంటే యూఏఈ సహా 18 దేశాలకు కొలువుకు పోవడానికి 1983 నాటి వలస చట్టం కింద ముందే అనుమతి తీసుకోవాలి.

"శాన రోజులు తిరిగినవా తమ్మీ?" అన్నాను.

"తిరిగిననే. మా బాపు కన్న నయం. ఆయన బొంబాయి పోయి, రూముల పడి ఉండి, వీసా వచ్చినంక విమానం ఎక్కిండు."

శంషాబాద్ విమానాశ్రయం తెరిచింది 2008 మార్చిలో. అంతకుముందు మా దిక్కు నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లలో చాలామందికి బొంబాయే తొవ్వ. ఆ తరం దూరాన్ని గంటల్లో చెప్పదు.

టికెట్టు మీది గంటలూ నమ్మదగ్గవి కావు. దుబాయి గడియారం మనకన్నా గంటన్నర వెనక. రాత్రి పదింటికి బయల్దేరి నాలుగు గంటలు ఎగిరినా అక్కడ పన్నెండున్నరే. ప్రయాణం రెండున్నర గంటలే అనిపిస్తుంది. వచ్చేటప్పుడు అదే గంటన్నర మీద పడుతుంది. నిజానికి తిరుగు ప్రయాణమే పొట్టిది, చలికాలంలో మరీను: పడమటి నుంచి వీచే పైగాలి విమానాన్ని మన దిక్కు తోస్తుంది.

దుబాయిలో దిగాక ఆ పిల్లగాడు కంపెనీ బస్సులో సోనాపూర్ కార్మికుల క్యాంపుకు పోయాడు. నన్ను తమ్ముడు కారులో తీసుకుపోయాడు. ఇంటి గడపలో చెప్పులు విడిచేసరికి, మంచిర్యాలలో తాళం వేసి దాదాపు ఒక రోజు.

మీ ఇంట్లో ఎవరైనా రాత్రి విమానానికి పోతుంటే నాలుగు గంటల లెక్క చెప్పకండి. పొద్దుటి రైలే ఎక్కించండి.